రెండు మందుల పొత్తు

రక్తపు కాన్సరు అనగానే సగం ఆశ వదులుకోవడం మన యిళ్లలో మామూలు. అందులోనూ పెద్దవాళ్లకు వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకీమియా వారాలలో ముదిరిపోతుంది. తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, చిగుళ్ల నెత్తురు. మైపాడు, కృష్ణపట్నం వంటి మా నెల్లూరు తీరపు వూళ్లలో దీన్ని వట్టి నీరసమనుకొని టానిక్కులతో కాలం గడిపేవారున్నారు.

యీ పెద్దవయసు రోగులలో సుమారు నలుగురికి ఒకరి కణాలలో 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క చోట్లు మార్చుకొని వుంటాయి. యీ లోపం జాడ 1960లో ఫిలడెల్ఫియాలో దొరికింది గనుక దానికి ఆ వూరిపేరే పెట్టారు. ఆ అతుకులో పుట్టిన ప్రోటీను, కణాన్ని ఆగకుండా పెరగమని తరుముతుంది. ఒకప్పుడు యిదే అన్నిటికన్న మొండి రకం. కీమోథెరపీ మంచి కణాలనూ దెబ్బ తీస్తుంది. ముసలి దేహం తట్టుకోలేదు.

యిప్పుడు గురిచూసి కొట్టే మందులు రెంటిని జతచేస్తున్నారు. డాసటినిబ్ మాత్ర ఆ ప్రోటీను నోరు నొక్కుతుంది. నరంలోకి రోజుల తరబడి ఎక్కించే బ్లినాటుమొమాబ్‌కు రెండు చేతులు: ఒకటి చెడ్డకణాన్ని పట్టుకొంటుంది, రెండవది మన రక్తంలోని రక్షకకణాన్ని తెచ్చి దాని యెదుట నిలుపుతుంది. మాత్రకు లొంగకుండా రూపు మార్చుకొన్న కణాన్ని రెండవ మందు పట్టగలదు. పొత్తులోని కిటుకు అదే.

ఇటలీ వైద్యులు 63 మందికి మామూలు కీమోథెరపీ బదులు యీ జంటను యిచ్చారు. 2020లో ప్రకటించిన లెక్కప్రకారం ఏడాదిన్నరకు నూటికి 95 మంది బతికి వున్నారు. నాలుగేళ్లు దాటాక చూసినా సుమారు 80 మంది. జ్వరం, మతి తడబాటు, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం వంటి చిక్కులు లేకపోలేదు.

యీ కథలో మన తెలుగువాడి పాలు వున్నది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే, డాక్టర్ ఫార్బర్ పిల్లల లుకీమియాను తాత్కాలికంగానైనా అణచి 1948లో లోకానికి చాటాడు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను, వ్యాధి మెదడుకు పాకకుండా నేటికీ వెన్నులోకి యిస్తారు.

ధర మాట? డాసటినిబ్‌కు ముందు వచ్చిన ఇమాటినిబ్‌ను 2003లోనే హైదరాబాదు నాట్కో కంపెనీ చవకగా అందించింది. 2013లో సుప్రీంకోర్టు దాని పేటెంటును నిరాకరించింది. బ్లినాటుమొమాబ్ మాత్రం సామాన్య సంసారానికి యింకా మోయరాని బరువే.

అయినా మొదటి మెట్టు మన చేతిలోనే వున్నది. లుకీమియా అని తేలిన రోజే, చెన్నై రైలు ఎక్కినా నెల్లూరులోనే వున్నా, డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్న ఒకటే: "ఫిలడెల్ఫియా పరీక్ష పంపించారా?" శత్రువెవరో తెలియకపోతే, గురిగల మందు యెంత గొప్పదైనా పెట్టెలోనే వుండిపోతుంది.