టి.వి. కొనే ముందు గదికి టేపు పట్టండి

తుర్కయాంజాల్: దసరా, దీపావళి ముందు రోజుల్లో బి.ఎన్.రెడ్డి నగర్ నుంచి తుర్కయాంజాల్ మీదుగా ఇబ్రహీంపట్నం వెళ్ళే ఆటోల్లో పలుచటి, వెడల్పాటి అట్టపెట్టెలను ఒళ్ళో నిలబెట్టుకుని వచ్చేవారు తరచు కనిపిస్తుంటారు. డబ్బా టి.వి. అటకెక్కి గోడ టి.వి. ఇంటికి వస్తున్నదన్నమాట. మొట్టమొదటిసారి హెచ్.డి. టి.వి. కొంటున్న కుటుంబాలు ఈ ఇలాకాలో ఇంకా చాలా వున్నాయి. పాల బిల్లులోనో, కూరగాయల మీదనో మిగిల్చి కూడబెట్టిన పదిహేను వేల రూపాయలే వారి పెట్టుబడి. ఆ మొత్తమంతా పెట్టెకే పోసి, తీరా గోడకు బిగించాక బొమ్మ పాతదాని కంటే మసకగా వస్తే ఆ ఇంటివారి గతేమిటి? ఇలా జరగడం అరుదేమీ కాదు. లోపం చాలాసార్లు టి.వి.లో వుండదు. దానికి బొమ్మనందించే తీగలో వుంటుంది.

పల్లెలకు టి.వి. మొదట వచ్చినప్పుడు ఈ ఎంపిక బాధ ఎవరికీ లేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఎ.టి.ఎస్.-6 సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందించారు. కోళ్ళ గూటికి వాడే జాలీ వంటి వలతో చేసిన పెద్ద గొడుగు, దాని కింద ఊరందరికీ కలిపి ఒకే పెట్టె. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక ఇళ్ళ కప్పుల మీద యాంటెన్నాలు లేచాయి. మన హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసిన ఇ.సి. టి.వి. కలిగినవారి ఇళ్ళలో కొలువుదీరింది. 1982లో రంగులు వచ్చాయి. అయితే ఏ పెట్టె కొన్నా లోపలికి వచ్చే బొమ్మ మాత్రం ఒకటే. అందుచేత ఖరీదైన పెట్టెలో బొమ్మ బాగుంటుందనే నమ్మకం మనవాళ్ళలో పాతుకుపోయింది. ఈనాడు కొనేవారిని ముంచుతున్నది ఆ నమ్మకమే.

ఇంతకూ హెచ్.డి. అంటే ఏమిటి? టి.వి. బొమ్మ అడ్డగీతలతో తయారవుతుంది. పాత పద్ధతి ప్రసారంలో కంటికి కనిపించే గీతలు 576. హెచ్.డి.లో 720 గాని, 1,080 గాని వుంటాయి. గీతలు ఎక్కువైతే బొమ్మ తేటపడుతుంది. షాపులో "హెచ్.డి. రెడీ" అని అమ్మే 32 అంగుళాల టి.వి.కి సాధారణంగా నిలువున 768 చుక్కలు, అడ్డంగా 1,366 చుక్కలు వుంటాయి. "ఫుల్ హెచ్.డి." అంటే 1,080, 1,920. "ఫోర్ కె" అంటే దానికి నిలువున రెండింతలు, అడ్డంగా రెండింతలు, వెరసి నాలుగింతల చుక్కలు. ఈ పేర్ల మధ్య తేడా చెప్పకుండా "అన్నీ హెచ్.డి.నే అన్నా" అనే దుకాణదారు దగ్గర ఒక్క నిమిషం ఆగడం మంచిది. అట్టపెట్టె మీద ఆ అంకెలు అచ్చువేసి వుంటాయి, చదివించుకోవాలి.

ఇక అసలు సంగతి. పాత సెట్‌టాప్ పెట్టెను పసుపు, ఎరుపు, తెలుపు మొనలున్న మూడు తీగలతో కొత్త టి.వి.కి తగిలిస్తే దానిలోకి వెళ్ళేది పాత బొమ్మే. చిన్న డబ్బా టి.వి.లో కనిపించని మసక ఇంత వెడల్పు తెర మీద సాగదీసేసరికి కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. పైగా పాత బొమ్మ చదరానికి దగ్గరగా వుంటుంది, కొత్త తెర పొడుగాటిది. పక్కన నల్లటి పట్టీలు ఇష్టపడనివారు రిమోట్‌తో బొమ్మను తెరంతా సాగదీస్తారు. అప్పుడు వార్తలు చదివే అమ్మాయి మొదలు సీరియల్లో అత్తగారి దాకా అందరూ పొట్టిగా, లావుగా తయారవుతారు. కొందరు అదే హెచ్.డి. అనుకుని కాలక్షేపం చేస్తున్నారు కూడా.

దీనికి విరుగుడు మూడు వస్తువులు. హెచ్.డి. సెట్‌టాప్ పెట్టె, హెచ్.డి.ఎం.ఐ. అనే చదును మొన గల ఒకే తీగ, హెచ్.డి. చానళ్ళున్న ప్యాకేజీ. ఈటీవీ, స్టార్ మా, జెమిని, జీ తెలుగు నాలుగింటికీ హెచ్.డి. చానళ్ళు వున్నాయి గాని, వాటికి నెలనెలా అదనంగా చెల్లించాలి. కనుక కేబుల్ ఆపరేటర్ని ముందే అడగాలి. హెచ్.డి. పెట్టె ఇస్తాడా, దానికెంత, నెలకెంత? ఆ జవాబు వచ్చాకే టి.వి. షాపు మెట్లెక్కాలి. నెల ఖర్చు భరించలేమనుకునే ఇంటికి దూరదర్శన్ ఫ్రీ డిష్ వుంది. గొడుగు, పెట్టె ఒక్కసారి కొంటే నెల చందా లేదు. మన యాదగిరి చానల్ దానిలో వస్తుంది. అయితే అందులో చాలా చానళ్ళు పాత గీతలవే కాబట్టి, దాన్నే నమ్ముకున్నవారు పెద్ద తెరకు పోకుండా వుంటేనే బొమ్మ ముచ్చటగా వుంటుంది.

ఎంత తెర అనేది గది చెప్పాలి, పొరుగింటి గోడ కాదు. 32 అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత. వెడల్పు సుమారు 28 అంగుళాలు, ఎత్తు పదహారుకు కాస్త తక్కువ. పాత 21 అంగుళాల డబ్బా కంటే ఎత్తులో పెరిగింది మూడు నాలుగు అంగుళాలే. మామూలు చూపున్న మనిషి 32 అంగుళాల తెరను ఆరేడు అడుగుల కంటే ఎక్కువ దూరం నుంచి చూస్తే హెచ్.డి. రెడీకి, ఫుల్ హెచ్.డి.కి తేడా పట్టడం కష్టం. ఎనిమిది అడుగులు దాటితే పాత బొమ్మకు, హెచ్.డి. బొమ్మకు కూడా తేడా బాగా తగ్గిపోతుంది. ముందు గదిలో గోడకూ మంచానికీ మధ్య ఏడు అడుగులుంటే 32 అంగుళాల హెచ్.డి. రెడీ చాలు. పది అడుగులుంటే 43 అంగుళాలకు వెళ్ళవచ్చు, దానికి ఫుల్ హెచ్.డి. తీసుకోవాలి. అదే 43 అంగుళాల తెరలో ఫోర్ కె చుక్కల ప్రయోజనం పూర్తిగా దక్కాలంటే మూడు అడుగుల దూరానికి జరగాలి. అంత దగ్గరగా కూర్చుని చూసేవారు పిల్లలు తప్ప ఎవరున్నారు? వాళ్ళను మనమే వెనక్కి లాగుతుంటాం.

ధరల మాటకొస్తే పేరున్న కంపెనీల 32 అంగుళాల టి.వి. సుమారు పది నుంచి పదిహేను వేల మధ్య దొరుకుతున్నది. ఇదివరకు 32 అంగుళాలు దాటితే జి.ఎస్.టి. 28 శాతం వుండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్ని సైజులకూ 18 శాతమే. పన్ను లేని ధర 20,000 వుండే టి.వి. మీద 2,000 రూపాయలు తగ్గాలన్నమాట. బిల్లు మీద పన్ను విడిగా రాయించుకుంటే ఇది తెలిసిపోతుంది. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామనే మాటకు లొంగితే ఆ తర్వాత గ్యారంటీ అడిగే ముఖం వుండదు.

పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి అమ్మే చవక పెట్టెల గురించి కూడా చెప్పుకోవాలి. టి.వి.లకు భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వెనుక పట్టీ మీద "ఆర్" అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు వుండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు, ఇంట్లో చదువుకునే పిల్లలు క్షణంలో చేసిపెడతారు. అలాగే ఆ కంపెనీ సర్వీసు మనిషి ఇబ్రహీంపట్నం దాకా వస్తాడా, లేక టి.వి.ని మనమే నగరానికి మోసుకుపోవాలా అన్నది కొనే ముందే తేల్చుకోవాలి.

వాయిదాల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. సున్నా వడ్డీ అనేదే లేదని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. వడ్డీ ఎక్కడో ఒకచోట దాగి వుంటుంది. "నగదు ఇస్తే ఎంత?" అని ముందు అడిగి, ఆ తర్వాత వాయిదాల మొత్తాన్ని, ప్రాసెసింగు ఫీజును కలిపి లెక్కగడితే దాగినది బయటపడుతుంది.

స్మార్ట్ టి.వి. అన్నది ఇంట్లో నెట్ కనెక్షను వున్నవారికి అక్కరకొస్తుంది. ఫోను డేటాతో నడుపుదామనుకుంటే రెండు సినిమాలకే ఆ రోజు డేటా హరించుకుపోతుంది.

కరెంటుకు భయపడనక్కరలేదు. సుమారు 50 వాట్ల 32 అంగుళాల టి.వి. రోజుకు అయిదు గంటలు ఆడితే నెలకు ఏడున్నర యూనిట్లు. భయపడవలసింది పిడుగులకు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చినప్పుడు రిమోట్‌తో ఆపి ఊరుకుంటే చాలదు. ప్లగ్గు పీకాలి, కేబుల్ తీగ కూడా పీకాలి. పిడుగు ఆ తీగ గుండా కూడా వస్తుంది. పిడుగుపాటుకూ, పగిలిన తెరకూ సాధారణంగా గ్యారంటీ వర్తించదు. తెర మార్పించడానికి అయ్యే ఖర్చు దాదాపు కొత్త టి.వి. ధరను అందుకుంటుంది. అందుకే ఆటోలో తెచ్చేటప్పుడు పెట్టెను పడుకోబెట్టరాదు, నిలబెట్టే తేవాలి. ఇంటికి రాగానే, తెచ్చినవారు వెళ్ళకముందే విప్పించి, వెలిగించి చూడాలి. పగులుతో వచ్చిన టి.వి.ని షాపువారు మార్చకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు.

ఇక అటకెక్కిన డబ్బా టి.వి. దాని గాజులో సీసం వుంటుంది, గొట్టం లోపల గాలి వుండదు. రాగి తీగ కోసం సుత్తితో కొడితే గాజు పెంకులు ఎగిరి కళ్ళలో పడతాయి. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే షాపుకు అయిదు వందలకైనా ఇచ్చివేయడం మేలు.