నేరేడుకి ఏమవుతుంది?

వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో ఉండే మా చెల్లెలింటికి వెళ్లిన ఆగస్టులో, సమామిష్ నది పక్కన నడుస్తుంటే ఆకుపచ్చటి ముళ్లకంప కనిపించింది. దాని నిండా గుత్తులు గుత్తులుగా నల్లటి పళ్లు. నోట్లో వేసుకుంటే నాలుక ఊదారంగుకి తిరిగింది. “ఇది నేరేడుకి ఏమవుతుందే?” అన్నాను. “బ్లాక్‌బెర్రీ అన్నయ్యా. ఏమవుతుందో నువ్వే చెప్పు, నువ్వేగా రాసేది!” అంది.

పండుని విప్పి చూస్తే నేరేడు కాదు, సీతాఫలం గుర్తొస్తుంది. నేరేడు ఒక పువ్వుకి ఒక కాయ. బ్లాక్‌బెర్రీలో ఒకే పువ్వులో బోలెడు అండకోశాలు ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో బుల్లి పండవుతుంది. ఆ నల్లపూస ఒక్కటీ నలిపి చూడండి: పైన తొక్క, లోపల రసం, మధ్యలో గట్టి టెంక. ఆవగింజంత మామిడిపండు అన్నమాట. ఇలాంటివన్నీ ఒక బొడిపె చుట్టూ ఒరుసుకుని కూర్చుంటాయి. సీతాఫలం కూడా ఇలా ఒకే పువ్వులోంచి వచ్చిన పళ్ల గుంపే. కుటుంబం మాత్రం వేరు, బ్లాక్‌బెర్రీది గులాబీ వంశం. ఆ ముళ్లు చూస్తే నమ్మబుద్ధవుతుంది. వృక్షశాస్త్రం లెక్కలో ఇది అసలు బెర్రీయే కాదు. టమాటా, వంకాయ బెర్రీలు!

పేరులో ఇంకో తిరకాసుంది. అక్కడ ఎక్కువగా కనిపించే రకాన్ని హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు. దాని పుట్టిల్లు ఆర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతం. కాలిఫోర్నియాలో కొత్త రకాలు పెంచి పేరు తెచ్చుకున్న లూథర్ బర్‌బ్యాంక్, భారతదేశం నుంచి వచ్చిన విత్తనాలతో దీన్ని పెంచి, 1885లో ‘హిమాలయా జెయింట్’ అని అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు మెట్టినింట పెత్తనమంతా దానిదే. కొమ్మ వంగి కొస నేలకి తగిలితే చాలు, అక్కడ వేళ్లూని కొత్త మొక్కవుతుంది. వాషింగ్టన్ రాష్ట్రం దీన్ని హానికర కలుపు జాబితాలో పెట్టింది. అందుకే కోసేముందు కలుపుమందు కొట్టారేమో చూసుకోవాలి. ఆకులు మాడి ముడుచుకుని ఉంటే ఆ పొద జోలికి వెళ్లకూడదు.

కోయడంలో నేను చేసిన తప్పు, నిగనిగలాడేవి ఏరుకోవడం. అవి పులుపు. మెరుపు కాస్త తగ్గి, వేలు తగిలితే చాలు చేతిలోకి రాలిపడేదే అసలు పండు. గట్టిగా లాగాల్సి వచ్చిందంటే ఇంకా కాలేదని అర్థం. పోనీ ఇంటికి తెచ్చి మాగబెడదామా అంటే కుదరదు. మామిడి, అరటి కోశాక కూడా పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి. బ్లాక్‌బెర్రీకి ఆ నిల్వ లేదు, కోసినప్పటి తీపే తీపి. మర్నాడు ఫ్రిజ్‌లో కొన్ని పూసలు ఎర్రబడి కనిపించాయి. పండు మళ్లీ పచ్చిగా మారిందని కంగారుపడక్కర్లేదు. నలిగినచోట కణాలు చితికి రంగు దెబ్బతింటుంది, అంతే. ఇంకో సంగతి చెబితే కొందరు తినడం మానేస్తారేమో: 2009 నుంచి ఆ ప్రాంతంలో ఒక చిన్న ఈగ, పండుతున్న కాయల్లోనే గుడ్లు పెడుతోంది. మా చెల్లెలు పళ్లని కాసేపు ఉప్పునీళ్లలో వేస్తుంది. తేలిన పురుగుల్ని మాకు చూపించదు.

మొదట మఫిన్లు చేశాం. వంటసోడా చేయి జారి కాస్త ఎక్కువ పడింది. కోసి చూస్తే పండు చుట్టూ పిండి నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. బూజనుకుని మేనకోడలు పళ్లెం పక్కకి నెట్టేసింది. అది బూజు కాదు, ఆంథోసయనిన్ అనే రంగు. పులుపులో ఎర్రగా ఉంటుంది, క్షారం తగిలితే నీలానికి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడదూ, రంగుపదార్థం వేరైనా కిటుకు అదే. మరుసటి విడతలో సోడా తగ్గించి, పుల్లమజ్జిగ పోస్తే ఊదారంగు నిలిచింది. నేరేడుని నల్లగా చేసేవీ, వంకాయ తొక్కకి రంగిచ్చేవీ ఈ ఆంథోసయనిన్లే. కాబట్టి మా చెల్లెలికి నా జవాబు: ఆకారంలో సీతాఫలానికి వరస, రంగులో నేరేడుకి చుట్టం.

తర్వాత ‘పై’ చేశాం. పెద్ద పళ్లెంలో కాల్చిన కజ్జికాయ అనుకోండి. మైదాలో చల్లటి వెన్న ముక్కలు కరగకుండా కలపాలి. ఓవెన్ వేడికి వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని విడదీస్తుంది. చపాతీ పిండిలా మర్దిస్తే గ్లూటెన్ సాగి అప్పడంలా గట్టిపడుతుంది. లోపలి పళ్లదే అసలు చిక్కు. పండులో దాదాపు 88 శాతం నీరే. అందుకే చక్కెరతోపాటు కార్న్‌ఫ్లోర్ వేస్తాం. ఆ పిండిరేణువులు ఉబ్బి నీళ్లని పట్టుకోవాలంటే అంచుల దగ్గరే కాదు, మధ్యలో కూడా రసం బుడబుడమని ఉడకాలి. అప్పటికీ అది పలచగానే కనిపిస్తుంది. రాగిజావ చల్లారాక చిక్కబడినట్టు, ఇది బిగుసుకోవడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది.

మేం అరగంట ఆగాం. కోస్తే ముక్క రాలేదు, ఊదారంగు చారు వచ్చింది. గిన్నెల్లో పోసుకుని చెంచాలతో తాగేశాం.