వానకు కడ్డీలు, జ్వరాలకు గీత



1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదు పక్కనే, బేగంపేటలో, డాక్టర్ రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టారు. వాన పడితే దోమలు పెరుగుతాయని మనందరికీ తెలుసు. కాని వాన పడిన ఎన్నాళ్లకు జ్వరాలు పెరుగుతాయి? ఆ సంగతి కంటికి కనిపించేలా చేసేది 'కాంబినేషన్ చార్టు', అంటే రెండు రకాల బొమ్మలను ఒకేచోట కలిపి గీసినది.

ఎక్సెల్‌లో మూడు నిలువు వరుసలు చాలు: వారం, ఆ వారం పడిన వాన, జ్వరం కేసులు. వాన 100 మిల్లీమీటర్లు, కేసులు 8 అనుకోండి. రెండింటినీ ఒకే కొలతపై గీస్తే జ్వరాల గీత నేలకు అంటుకుపోతుంది, ఊళ్లో జ్వరమే లేదనిపిస్తుంది! అందుకని వానను కడ్డీలుగా ఎడమ కొలతపై, జ్వరాలను గీతగా కుడి కొలతపై చూపాలి.

ప్రతి వారం చేత్తో మార్చడం విసుగు, పైగా పొరపాట్లు. ఆల్ట్, ఎఫ్11 మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే చోట ఒక్కసారి మాక్రో రాసి పెట్టుకుంటే ఆ పని అదే చేస్తుంది. ముందు అన్నిటినీ కడ్డీలుగా గీయమనాలి. తర్వాత రెండో సిరీస్‌కు 'చార్ట్‌టైప్ = ఎక్స్‌ఎల్‌లైన్', 'యాక్సిస్‌గ్రూప్ = 2' అని రాయాలి. రెండు కొలతలూ సున్నా నుంచే మొదలవ్వాలని కూడా చెప్పాలి. లేకపోతే నాలుగు కేసులు కూడా కొండలా కనిపించి అందరినీ భయపెడతాయి.

అలా గీసిన చార్టులో గీత కడ్డీల వెనకగా లేస్తుంది. గుడ్డు దోమ కావడానికి సుమారు పది రోజులు, దోమలో మలేరియా క్రిమి ఎదగడానికి మరో పది పన్నెండు రోజులు, కుట్టిన తర్వాత జ్వరం రావడానికి ఇంకో పది పదిహేను రోజులు. అంతా కలిపితే నెల దాటుతుంది. డెంగీ ఇంకా త్వరగా వస్తుంది. తొట్లు, కూలర్లు ఖాళీ చేయవలసింది కడ్డీ లేచిన వారమే, గీత లేచాక కాదు.

ఇదంతా ఒక్క తేదీపై ఆధారపడి ఉంది. ఆసుపత్రికి వచ్చిన రోజును జ్వరం మొదలైన రోజుగా రాస్తే గీత పక్కకు జరిగిపోతుంది. మాక్రోకు అది తెలియదు, ఇచ్చిన అంకెనే గీస్తుంది. అందుకే ఓ.పి. చీటీ రాసేటప్పుడు "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని రెండుసార్లు అడుగుతాము, విసుక్కోకండి. "మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక చలి వేసిందండీ" అన్నా చాలు, తేదీ మేము లెక్కగట్టి రాసుకుంటాము.