మిరియాల కషాయం – తాతయ్య దగ్గు

“దగ్గుకు డాక్టరెందుకే?” అనేది మా అమ్మమ్మ. విశాఖలో పాతపోస్టాఫీసు దగ్గర మా యిల్లు. కిటికీ రెక్క మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. ఒక ప్రక్క సముద్రపు తేమ, ఒక ప్రక్క దుమ్ము. దగ్గు మా వీధికి కొత్త చుట్టమేమీ కాదు.

అమ్మమ్మ పోపుల పెట్టే మాకు మందుల షాపు. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు – యీ మూడింటినీ కలిపి త్రికటు అంటారు – దంచి, వస్త్రగాళితం పట్టి సీసాలో వుంచేది. పడుకోబోయే ముందు చిటికెడు పొడి తేనెలో రంగరించి నాకించేది. పొడిదగ్గయితే బుగ్గన కరక్కాయ ముక్క. ఆ వగరుకు నోట నీరూరి గొంతులో గరగర తగ్గేది. సరుకంతా మన కొండలమీదిదే. పాడేరు, చింతపల్లి వైపు పిప్పలి, పసుపు. అరకులో సిల్వర్ ఓక్ చెట్లకు పాకే మిరియాల తీగలు. కొండతేనెకు 1956లో యేర్పడిన గిరిజన సహకార సంస్థ వుండనే వుంది. దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే.

అన్నిటికన్నా చేదు అడ్డసరం ఆకు కషాయం. ఆ ఆకులోని వాసిసిన్ ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారయింది. ఆంబ్రాక్సాల్ దాని సంతానం. కళ్లె కరగడానికి కొనే సిరప్పు లేబుల్ చదివి చూడండి. ఈ సంగతి చెబితే అమ్మమ్మ, “మరి సీసాకు అంత డబ్బు పోస్తారెందుకే?” అన్నది. గర్భిణులు మాత్రం అడ్డసరం ముట్టరాదు. యేడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులో వుండగల బొట్యులిజం బీజాలను పసిపేగు తట్టుకోలేదు. మా యింట్లో పిల్లలందరికీ నాకించారు, యెవరికీ యేమీ కాలేదు. అది మా అదృష్టం, అంతే.

ఒక చలికాలం తాతయ్యకు దగ్గు పట్టుకుంది. కషాయం తాగిన రాత్రి నిద్ర పట్టేది, తెల్లవారితే మళ్ళీ మొదలు. నెల గడిచింది. అమ్మమ్మ మిరియాలు పెంచింది. రెండో నెలలో సాయంత్రాలు వొళ్ళు వెచ్చబడడం, పంచె నడుమున నిలవకపోవడం. నేనే పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. కళ్లె పరీక్షలో క్షయ అని తేలింది.

“రెండు నెలలు నేనే ఆపేశాను గదే,” అన్నది అమ్మమ్మ. ఆ రోజు వంటింట్లోంచి యివతలకు రాలేదు.

కషాయాన్ని తప్పుపట్టను. జలుబుతో వచ్చిన దగ్గు చాలామందికి కొద్ది రోజుల్లో దానంతటదే పోతుంది. అందాకా గొంతును వూరడించడం దాని పని. క్షయ సూక్ష్మజీవి మిరియానికి లొంగదు. రెండు వారాలు దాటిన దగ్గుకు పరీక్ష చేయించాలి. ప్రభుత్వాస్పత్రుల్లో పరీక్షా, మందులూ వుచితమే. రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఆ రెండు వారాలూ ఆగరాదు.

తాతయ్య ఆరు నెలలూ మాత్రలు మింగాడు. లెక్క అమ్మమ్మే చూసింది, క్యాలెండరు మీద సున్నాలు చుడుతూ. మాత్ర మింగించాక మాత్రం డాక్టరుగారిని అడిగే, గ్లాసుడు పసుపు పాలు యిచ్చేది.