మూలిక వేరు, మంత్రం వేరు



తడ చుట్టుపక్కల పల్లెల్లో ఒక రాత్రి ఎవరికో పాము కరిచిందనుకోండి. ఇంట్లో రెండు మాటలు వినబడతాయి. ఒకరు “ఆటో పిలవండి, ఆసుపత్రికి పోదాం” అంటారు. ఇంకొకరు “ముందు మంత్రం వేయించండి” అంటారు. అది విశ్వాసుల ఇల్లే అయినా ఆ రెండో మాట రాదని ధైర్యంగా చెప్పలేము. ఆదివారం ఆరాధనకు వచ్చిన తల్లి చంకలోని బిడ్డ మొలతాడుకు తాయెత్తు కనబడటం కూడా మన సంఘాలకు కొత్త కాదు. గద్దించినంత మాత్రాన ఈ అలవాటు పోదు. ఇది ఎక్కడ పుడుతుందో ముందు గ్రహించాలి.

ఇది మన పల్లెల వెనుకబాటుతనం అనుకునేవారు ఇంగ్లాండు చరిత్ర చూడాలి. అయిదవ శతాబ్దంలో ఉత్తర జర్మనీ తీరం నుండి సాక్సన్లు, ఆంగ్లులు బ్రిటన్ దీవికి వలస వెళ్లారు. వోడెన్ అనే దేవుణ్ణి కొలిచేవారు. ఇంగ్లీషులో బుధవారానికి ఉన్న పేరు అతనిదే. 597లో అగస్టీన్ అనే సన్యాసి కెంట్ రాజ్యానికి సువార్త తెచ్చాడు. తర్వాత వందేళ్లలోపే ఆ రాజ్యాలన్నీ క్రైస్తవ్యం స్వీకరించాయి. అయినా నాలుగు వందల ఏళ్ల తర్వాత వ్రాసిన ఒక వైద్య గ్రంథంలో విషానికి విరుగుడుగా తొమ్మిది మూలికల మంత్రం ఉంది. అందులో మొదటి మూలిక మన మాచిపత్రి జాతిదే. వోడెన్ పామును తొమ్మిది ముక్కలు చేశాడని ఆ మంత్రం చెబుతుంది. అదే మంత్రంలో క్రీస్తు పేరు కూడా ఉంది! బాప్తిస్మం పొందిన జనం పాత దేవుణ్ణీ, ప్రభువునూ ఒకే మందులో కలిపి నూరారు.

అదే కాలపు మరో వైద్య గ్రంథంలో వెల్లుల్లి, ఉల్లి జాతి దుంప, ద్రాక్షారసం, ఎద్దు పిత్తం కలిపి తొమ్మిది రాత్రులు ఉంచి చేసే కంటి మందు ఉంది. 2015లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు దాన్ని తయారుచేసి పరీక్షిస్తే, మందులకు లొంగని ఒక మొండి సూక్ష్మక్రిమిని అది ప్రయోగశాలలో చంపింది. పాతది కాబట్టి అంతా చెత్త అనలేము. పాతది కాబట్టి అంతా జ్ఞానమనీ అనలేము. వేరుచేసి చూడటమే వివేకం.

మన ప్రాంతానికి ఇందులో మరో సంబంధముంది. తడకు పొరుగున ఉన్న సూళ్లూరుపేట, నాయుడుపేట సీమలో 1860లలో సువార్త పనిచేసిన ఆగస్ట్ మైలియస్ హెర్మన్స్‌బర్గ్ మిషను వారు. ఆ ఊరు పాత సాక్సన్ల సీమలోనిదే. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం ఆ పనే. ఒకప్పుడు తాయెత్తులు కట్టుకున్న జాతి సంతతి మన వాకిట్లోకి వాక్యం మోసుకొచ్చింది. కాబట్టి యానాది గూడెం వైపు చూసి “వీళ్లు మారరు” అనే హక్కు ఎవరికీ లేదు.

శ్రీహరికోట, పులికాట్ తీరం యానాదుల సీమ. వారు తేనె, దుంపలు, చేపలతో బ్రతికారు. చెంచు దేవుణ్ణి కొలిచారు. వేళ్లు, ఆకుల గుణం వారికి తెలుసు. వారి మందుల ప్రావీణ్యాన్నీ, సోది చెప్పడాన్నీ ఎడ్గర్ థర్స్టన్ 1909లోనే గ్రంథస్థం చేశాడు. 1971లో శ్రీహరికోట నుండి రాకెట్ల ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ కేంద్రం కోసం ఎన్నో యానాది కుటుంబాలు దీవిని విడవవలసి వచ్చింది. అడవి పోతే అడవి విద్య కూడా పోతుంది. ఆ విద్యలో ఏది మేలో, ఏది చీకటో అడిగి తెలుసుకునే ఓపిక మన సంఘాలకు ఉన్నదా?

వాక్యం ఈ తేడా స్పష్టంగా చూపిస్తుంది. హిజ్కియా రాజు పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయమని చెప్పినది ప్రవక్తయైన యెషయాయే (2 రాజులు 20). మూలిక దేవుని సృష్టి. అయితే సోదె చెప్పించుకోవడం, మంత్రించడం, చచ్చినవారియొద్ద విచారించడం ద్వితీయోపదేశకాండము 18 నిషేధించింది. మూలిక దేవుడిచ్చిన దానిని వాడుకుంటుంది. మంత్రం దేవునికి బదులుగా మరొకరిని ఆశ్రయిస్తుంది.

పాముకాటు విషయంలో మూలిక కూడా చాలదు. మన దేశంలో 2000 నుండి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఆ మందుకు కావలసిన విషాన్ని సేకరించేది ఎవరో తెలుసా? మన సరిహద్దు అవతల తమిళనాడులోని ఇరుళ గిరిజనులు. 1978లో వారు పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ ఇరుళలలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ లభించింది. గిరిజనుల జ్ఞానానికి మంత్రం తోడు అక్కరలేదనడానికి ఇది చాలదా? కరిచిన గంటలో ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి బయలుదేరడం అవిశ్వాసం కాదు.

ఎఫెసులో మాంత్రిక పుస్తకాలు కాల్చిన వారి సంగతి మనం తరచు వింటాము. వాటి వెల యాబది వేల వెండి రూకలు (అపొ. కార్యములు 19). అయితే అక్కడ తమ క్రియలు ఒప్పుకున్నవారు అప్పటికే విశ్వసించినవారు. కాబట్టి ఆ అధ్యాయం బయటివారికి కాదు, మనకే. ప్రార్థన నూనె సీసాను గుమ్మానికి వేలాడదీసి, అది ఉంటే దయ్యం రాదనుకుంటే, తాయెత్తుకు దానికి తేడా ఏమిటి? మోషే చేసిన ఇత్తడి సర్పానికే జనులు ధూపం వేయగా, హిజ్కియా దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18). దేవుడిచ్చినదైనా దేవుని స్థానంలో కూర్చోకూడదు.

మరి కాపరులు ఏమి చేయాలి? షార్లెమేన్ చక్రవర్తి కత్తితో సాక్సన్లను బాప్తిస్మానికి ఈడ్చాడు. 782లో వేలమందిని చంపించాడు. అది క్రీస్తు మార్గం కాదు. కత్‌బర్ట్ మార్గం వేరు. తెగులు వచ్చినప్పుడు ఇంగ్లాండు విశ్వాసులు తిరిగి తాయెత్తులను ఆశ్రయించారని, అప్పుడు కత్‌బర్ట్ మఠం విడిచి ఎక్కువగా కాలినడకన, ఇతరులు వెళ్లడానికి జంకే కొండ పల్లెలకు వెళ్లి వారాల తరబడి వారితో ఉన్నాడని బీడ్ అనే చరిత్రకారుడు 731లో ముగించిన గ్రంథంలో వ్రాశాడు. తాయెత్తు భయంలో పుడుతుంది. రాత్రి బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు తలుపు తట్టడానికి మంత్రగాడు దగ్గరగా, కాపరి దూరంగా ఉంటే, ఆ తల్లి ఎవరి దగ్గరికి పోతుంది?

గద్దింపు కంటే ముందు మన అడుగులు ఆ గూడెం చేరాలి. ఆ తల్లి పక్కన కూర్చుని ప్రార్థించి, ఆసుపత్రి దాకా తోడు వెళ్లే సంఘంగా ప్రభువు మనలను చేయును గాక. ఆమేన్.