చట్రములోని లెడ్డు చుట్ట

సూళ్లూరుపేటనుండి తూర్పునకు పోవు బాట పులికాటు సరస్సును చీల్చుకొని శ్రీహరికోట చేరును. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటినుండి తొలి రోహిణి-125 రాకెట్టు లేచినది మొదలు మా ఊరివారికి ఆకసము వంక చూచుట అలవాటైపోయినది. నేను మాత్రము మూడు మాసములుగా తల వంచుకొని, ఒక పాత టెక్ట్రానిక్సు ఆసిలోస్కోపు కడుపులోనికి చూచుచున్నాను. చెన్నపట్నము రిచ్చీ వీధిలో తుక్కు ధరకు కొని, లోకల్ రైలులో తోటివారి విసుగులు భరించుచు తెచ్చుకొన్న బరువిది.

దీని వంశము ప్రాచీనమే. 1897లో స్ట్రాస్‌బర్గు నగరమునందు ఆచార్యుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌను, గాలి తీసిన గాజుగొట్టములో ఋణధ్రువకిరణములను అయస్కాంతముచే వంచి, తెరపై ఆడు కాంతిబిందువు రూపమున విద్యుత్తు యొక్క హెచ్చుతగ్గులను కంటికి చూపెను. బిందువు మీదికిని క్రిందికిని మాత్రమే కదలుటచే, తరంగమును అడ్డముగా పరచి చూచుటకు ఆయన తిరుగు అద్దము నాశ్రయించెను. 1909లో మార్కోనీతోబాటు ఆయనకు లభించిన నోబెల్ బహుమానము తీగలేని తంతికే కాని ఈ గొట్టమునకు కాదు. నాబోటివారి కిది కొంత అన్యాయముగనే తోచును.

గొట్టము దొరికినను బొమ్మ నిలువదయ్యెను. 1946లో అమెరికాలోని పోర్ట్‌లాండునందు హోవర్డు వోలమ్, జాక్ మర్డాకు ప్రభృతులు స్థాపించిన టెక్ట్రానిక్సు సంస్థ, మరుసటి యేడు వెలువరించిన 511 అను నమూనాలో, తరంగము నియమితమైన మట్టమును తాకినపుడే చుక్క తన అడ్డపు పరుగు నారంభించునట్లు చేసెను. దీనినే ట్రిగ్గరు అందురు. పాట ఎత్తుగడ చెవిని బడిన పిమ్మటనే తాళము అందుకొను భజనగాని నేర్పు వంటిదిది: ప్రతి పరుగును తరంగమున ఒకే చోట మొదలగుటచే, బొమ్మమీద బొమ్మ పడి నిశ్చలముగా నిలుచును.

ఇక మరమ్మతు. ఏండ్లతరబడి కరెంటు నెరుగని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఆక్సైడు పొర క్షీణించియుండును. పూర్తి వోల్టేజీ నొక్కమారుగా ఇచ్చినచో అవి వేడెక్కి పగులవచ్చును. కావున సిరీస్ బల్బు తగిలించి, వోల్టేజీని మెల్లగా పెంచు వేరియాకు పిడిని గంటగంటకు కొంచెము త్రిప్పుచు, బల్బు భగ్గున వెలుగకుండుట చూచుకొనుచు కూర్చుండవలెను. ఉప్పుగాలికి నల్లబడిన స్విచ్చి పలకలను తుడుచుటకే నాకు ఒక వారము పట్టెను.

ఆ తుడుపులో, వాల్వుల ప్రక్కన చట్రమునకు తగిలించిన చిన్న లెడ్డు చుట్ట, అనగా తీగల నతుకు టంకపు చుట్ట, కనుపట్టెను. ఈ యంత్రములో తీగలను అతికినది పింగాణీ పట్టీల గంట్లలో. ఆ గంట్లకు వెండిపూత కలదు. మామూలు లెడ్డులోని తగరము ఆ వెండిని కరగించి లాగికొనును గనుక, కొద్దిగా వెండి కలిసిన లెడ్డును, ఎన్నడో, ఏ దేశముననో దీనిని విప్పబోవు మరమ్మతుగాని కొరకు, తయారుచేసినవారే లోపల పెట్టి పంపిరి. నాకు చిక్కునాటికి చుట్టలో సగమే యున్నది, ఎవరో వాడుకొనిరి. వారి అతుకులు నా అతుకులకన్న నున్నగా నున్నవి.

రెండు కెపాసిటర్లు మార్చుటకు నాకు జానెడు లెడ్డు చాలినది. ఆ రాత్రి తెరపై పచ్చని చుక్క లేచెను, ఎడమకు రవంత ఒరిగి.