డిస్క్ నిండింది, లాగిన్ ఆగింది

పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ పేజీకే వచ్చింది. ఇంకోసారి కొట్టినా అంతే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెప్పేది, ఆ మాటా లేదు. ఉబుంటు లాంటి లినక్స్ కంప్యూటర్లలో ఇలా జరిగితే చాలామంది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానిస్తారు, విసిగిపోయి సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. అంత దూరం వెళ్లేముందు రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఖాళీ ఉందో లేదో చూడాలి.

యూనిక్స్ కుటుంబంలో ఫైళ్లన్నీ ఒకే చెట్టుకు ఉంటాయి. దాని మొదలు స్లాష్ గుర్తు. అదే రూట్. వేరే డిస్కులేవైనా అందులోని ఏదో ఒక ఫోల్డర్ దగ్గర తగిలించాల్సిందే, దాన్నే మౌంట్ చేయడం అంటారు. ప్రత్యేకంగా విడదీయకపోతే లాగ్ ఫైళ్లు, తాత్కాలిక ఫైళ్లు, యూజర్ల హోమ్ ఫోల్డర్లు అన్నీ రూట్ మీదే పడతాయి. వాటిలో ఏది అదుపు తప్పి పెరిగినా మిగతావాటికి చోటుండదు.

లాగిన్ అంటే పాస్‌వర్డ్ పోల్చి చూడటమే అనుకుంటాం. పోల్చడం చదివే పని, దానికి ఖాళీ అక్కర్లేదు. ఆ తర్వాతే రాసే పనులు మొదలవుతాయి. ఎవరు ఎప్పుడు వచ్చారో ఒక పద్దు పడాలి. కొన్ని డెస్క్‌టాప్‌లలో తెరను నడిపే ఎక్స్ సర్వర్ మిమ్మల్ని గుర్తుపట్టడానికి ఒక రహస్య కీని హోమ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌అథారిటీ ఫైల్లో రాయాలి. సెట్టింగులు, క్యాష్ వంటివి ఎలాగూ ఉంటాయి. డిస్క్ నిండి ఉంటే ప్రతి రాతకూ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నెల్ ఒకటే జవాబిస్తుంది: 28వ నంబరు ఎర్రర్, డివైస్‌లో ఖాళీ లేదని. కీ రాయలేక సెషన్ మొదలైన వెంటనే ఆగిపోతుంది, లాగిన్ తెర తిరిగొస్తుంది. కారణం లాగ్‌లో రాద్దామంటే అక్కడా చోటు లేదు. నా దృష్టిలో ఇది డెస్క్‌టాప్ తయారుచేసేవాళ్ల లోపం. ఖాళీ లేదన్న ఒక్క వాక్యం తెరమీద చూపడానికి డిస్క్ అవసరం లేదు కదా!

లోపలికి దారి మాత్రం ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ కన్సోల్ వస్తుంది. పద్దు రాయలేకపోయినా అది సాధారణంగా లోపలికి రానిస్తుంది. భద్రత కట్టుదిట్టంగా ఉన్న కొన్ని సర్వర్లలో ఇదీ పనిచేయకపోవచ్చు. ఆడిట్ రికార్డు రాయడానికి చోటు చాలకపోతే మెషీన్‌ను సింగిల్ యూజర్ మోడ్‌కు దించమనో, పూర్తిగా ఆపేయమనో అక్కడ కావాలనే సెట్ చేసి ఉంచుతారు.

కన్సోల్‌లో డిస్క్ ఖాళీని చూపే డీఎఫ్ కమాండ్ కొడితే వింత లెక్క కనిపిస్తుంది. ఉదాహరణకు: మొత్తం 20 జీబీ, వాడింది 19, మిగిలింది సున్నా, 100 శాతం. ఆ ఒక్క జీబీ ఎక్కడికీ పోలేదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్, ప్రత్యేకంగా మార్చకపోతే, 5 శాతం చోటును రూట్ యూజర్ (అంటే అడ్మిన్) కోసం దాచిపెడుతుంది. ఈ పద్ధతి బర్క్లీ యూనిక్స్‌ది. అక్కడి ఫాస్ట్ ఫైల్ సిస్టమ్ గురించి 1984లో వచ్చిన పరిశోధనా పత్రంలోనే కొంత శాతం ఖాళీ ఉంచాలన్న మాట ఉంది. డిస్క్ కిక్కిరిస్తే ఒకే ఫైల్ ముక్కలు చెల్లాచెదురై వేగం పడిపోతుందన్నది అసలు కారణం. అడ్మిన్‌కు చేయి ఆడే చోటు మిగలడం అంతకు మించిన మేలని నేననుకుంటాను. చోటు మిగులుతుంది కదా అని రూట్ డిస్క్‌లో ఆ 5 శాతాన్ని సున్నా చేయడం నాకు సుతరామూ నచ్చదు. అయితే రూట్ అధికారంతో నడిచే ప్రోగ్రామే డిస్క్ నింపుతుంటే ఆ దాచిన చోటు కూడా దక్కదు.

ఏ దారీ లేకపోతే ఆ డిస్క్ మీద ఆధారపడకుండా, లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయాలి. 2004 జనవరిలో అంగారకుడి మీద స్పిరిట్ రోవర్‌ను నాసా ఇంజనీర్లు బాగుచేసిన తీరు దీనికి చాలా దగ్గర. రోవర్‌లో నడిచేది యూనిక్స్ కాదు, వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. 256 మెగాబైట్ల ఫ్లాష్‌లో పోగుపడిన ఫైళ్ల వివరాలను ర్యామ్‌లోకి ఎక్కించబోయి, ర్యామ్ చాలక, రోవర్ పదేపదే రీబూట్ అయింది. ఫ్లాష్ జోలికి పోకుండా బూట్ కమ్మని ఆదేశం పంపి, ప్రయాణంలో పోగైన పాత ఫైళ్లు చెరిపి, చివరికి ఫ్లాష్‌నే ఫార్మాట్ చేశారు.

డిస్క్ నింపిన దోషిని పట్టుకోవడానికి, ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో లెక్కించే డీయూ కమాండ్ ఉంది. ఎక్స్ ఆప్షన్ ఇస్తే వేరే డిస్కులలోకి పోకుండా రూట్ వరకే లెక్కిస్తుంది. ఎక్కువసార్లు దొరికేది లాగ్ ఫైలే. దొరకని దొంగలూ ఉన్నారు. బ్యాకప్ డిస్క్ మౌంట్ కాని రాత్రి బ్యాకప్ మొత్తం ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే రూట్ మీదికే వెళ్తుంది. తర్వాత డిస్క్ మౌంట్ అయితే ఆ ఫైళ్లు దాని కింద మరుగున పడి డీయూ లెక్కకు అందవు. అన్‌మౌంట్ చేసి చూడాల్సిందే.

పెద్ద లాగ్ దొరికిందని గబుక్కున చెరిపేయకండి. యూనిక్స్‌లో చెరపడమంటే పేరు తీసేయడమే. ఆ ఫైల్‌ను తెరిచి రాస్తున్న ప్రోగ్రామ్ దాన్ని మూసేదాకా డేటా డిస్క్ మీదే ఉంటుంది. పేరు పోయింది కనుక వెతికినా దొరకదు, డీఎఫ్ మాత్రం 100 శాతమే చూపిస్తుంది. అందుకే ఫైల్‌ను ఉంచి లోపలి సరుకును సున్నాకు కుదించాలి. ఇప్పటికే చెరిపేసి ఉంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ ఏదో తెలుసుకుని రీస్టార్ట్ చేయాలి. చోటు దొరికేదాకా సెట్టింగుల ఫైల్ దేన్నీ ఎడిట్ చేయొద్దు. కొన్ని ఎడిటర్లు ముందు పాత ఫైల్‌ను ఖాళీ చేసి ఆపైన కొత్తది రాస్తాయి. రాయడానికి చోటు లేకపోతే మిగిలేది సున్నా బైట్ల ఫైల్.